యాభై కట్టలయ్యేదాకా

తునికాకు కోయడానికి కళ్ళు అక్కర్లేదు, వేళ్ళుంటే చాలని నాగక్క అంటుంది. ముదురాకు గరుగ్గా తగులుతుంది. మరీ లేతది వేలికి చుట్టుకుంటుంది. ఆ రెండింటి నడుమది, బీడీకి పనికొచ్చేది, ఉతికి ఆరేసిన నూలుగుడ్డలా ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఏటా ఎండలు ముదిరే వేళకు ఈ వేళ్ళు అదే పని మీద ఉన్నాయి గనక, వెంట వచ్చిన ఆడవాళ్ళు "మసక మసక, ఏం కనబడ్తలేదే" అని సణుక్కుంటూ ఉండగానే ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ సగం నిండిపోతుంది.

ఆ మంగళవారం మాత్రం వేళ్ళు మాట వినలేదు. పాలవాగు అవతల పొద్దు పొడిచి బారెడు పైకెక్కింది. నాగక్క ఒక పొద మీదికి వంగి కొమ్మ పట్టుకుంటే ఆకు వణికింది. గాలేమో అనుకుంది. పక్క పొదలో ఒక్క ఆకూ కదలడం లేదు. వణికేది తన చెయ్యి. ఆ వెంటనే మెడ వెనక చెమట పుట్టి వీపు మీదికి దిగింది. గుండె దడదడలాడింది. చుట్టూ ఉన్న చెట్లన్నీ ఒకడుగు వెనక్కి జరిగినట్టనిపించింది.

"ఏందే నాగా, నిలబడ్డవ్?" అంది వెనకనుంచి ముత్తక్క. ముత్తక్క ఆమె అన్నభార్య, వదిన. ఈ అడవిలో ఇద్దరూ జతగా ఆకు కోయడం మొదలుపెట్టేనాటికి ఇద్దరి జడలూ నల్లగా ఉండేవి.

"ఏం లేదొదినా. ఎండ."

ఆ వేళకు ఎండ ఎక్కడిది. ముత్తక్క ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి ఆడబిడ్డ మొహం వైపు చూసి, తన పొదకు తను వంగింది. నాగక్క కింద కూలబడి సీసాలో నీళ్ళు గడగడా తాగింది. అదేమిటో ఆమెకు తెలుసు. షుగరు ఎక్కింది.

తెలుసు అనుకోవడానికి కారణం కూతురు దుర్గ. దుర్గ తమ ఊరు మామిళ్ళగుంపుకూ, పక్కనున్న రెండు గూడేలకూ ఆశా కార్యకర్త. భుజాన సంచి, సంచిలో వేలికి గుచ్చి షుగరు చూసే మిషను. రెండేళ్ళ కిందట ఆ మిషను కొత్తగా వచ్చిన రోజున ఊళ్ళో ఎవరూ వేలివ్వకపోతే, నలుగురికీ ధైర్యం చెప్పడానికి మొట్టమొదట తల్లి వేలే గుచ్చింది. మిషను మూడు వందల పది చూపించింది. నలుగురికీ ధైర్యం సంగతేమో గాని, తల్లీకూతుళ్ళ మొహాలు మాడిపోయాయి. ఆ సాయంత్రమే దుర్గ అటక మీది ఎండిన తియ్యటి ఇప్పపువ్వు కుండ దించి మేకలకు పోసింది. బెల్లం డబ్బా ముత్తక్క ఇంటికి పంపేసింది. తునికి పండు కూడా ముట్టొద్దంది. పాపం, పిల్ల ప్రేమతోనే చేసింది ఇదంతా, అందులో అనుమానం లేదు.

దుర్గ దగ్గర బొమ్మల పుస్తకం కూడా ఉంది. అందులో ఒకావిడ నుదుటి మీద చెమట చుక్కలు, వణికే చేతులు, తిరిగే కళ్ళు. ఆ బొమ్మ షుగరు ఎక్కినప్పటిదో, పడిపోయినప్పటిదో నాగక్క ఎన్నడూ అడగలేదు. షుగరు పడిపోవడం అనేది కూడా ఒకటుంటుందని ఆమెకు తోచనే లేదు. రెండేళ్ళుగా ఇంట్లో వినబడే మాట ఒకటే. ఎక్కింది, మళ్ళీ ఎక్కింది.

ఒక ఘడియ కూర్చున్నాక దడ కొంచెం సర్దుకుంది. అడుగు తీసి అడుగు వేస్తూ, పదిన్నరకల్లా మూట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి పందిరి కింద కట్టలకు కూర్చుంది. ఇరవై అయిదు ఆకులు ఒక వరస, వాటికి ఎదురు మొహంగా ఇరవై అయిదు, మధ్యన నార చుట్టి ఒక లాగు. యాభై ఆకుల కట్ట. యాభై కట్టలయ్యేదాకా నోట్లో మెతుకు పడకూడదు. ఇది ఊరి కట్టుబాటు కాదు, ఏ దేవుడి మొక్కూ కాదు. నాగక్క తల్లి పెట్టిన రూలు.

"కడుపు నిండితే చెయ్యి బరువెక్కుతది బిడ్డా" అనేది అవ్వ; వాళ్ళింట్లో అమ్మను అలాగే పిలుస్తారు. ఇదే పందిరి కింద, ఇదే గుంజకు వీపానించి కూర్చునేది. పక్కన సొరబుర్రలో నీళ్ళు. ఒళ్ళో నార. కుడి బుగ్గన ఎప్పుడూ ఇప్పపువ్వు, అందువల్ల మాట ఎడమ వైపునుంచే వచ్చేది, లెక్క పెడుతుంటే ముద్దముద్దగా వినబడేది. ఆ గొంతుతో "ఎన్నయినయే నాగా" అని అడిగితే, పదేళ్ళ నాగక్క తన ముందున్న మూడు వంకర కట్టలు చూసుకుని "పది" అని కోసేది. అవ్వకు తెలుసు, అయినా కొట్టేది కాదు. ఇప్పటికీ ముప్పయ్యో కట్ట దగ్గర వేళ్ళు మొరాయిస్తే, ఆ ప్రశ్న చెవిలో వినబడుతుంది. ఆకు రోజులు వస్తున్నాయంటే నాగక్కకు మనసంతా అదోలా అయిపోయేది అందుకే. ఏడాదిలో ఈ ఇరవై రోజులే అవ్వ ఇంకా ఇంట్లో ఉన్నట్టుండేది. మిగతా రోజుల్లో తను దుర్గకు అవ్వ, గోపాలుకు పెళ్ళాం. ఈ ఇరవై రోజులూ తను కూడా ఒకరికి బిడ్డ.

యాభై అయ్యేసరికి ఒంటిగంట దాటింది. అప్పుడు తింది. తిన్నది కాస్తా కూస్తా కాదు, కుండలో సగం. ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన భర్త గోపాలు గుమ్మంలో కూర్చుని బుట్ట అల్లుతూ చూసి, "గంత ఆకలేందే" అన్నాడు. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. లోపల ఒక సంగతి గట్టిగా నిర్ణయించుకుంది. అడవిలో షుగరు ఎక్కుతోంది గనక, రేపు అడవికి పోయే ముందు చిన్న గోలీ ఒకటి కాదు, రెండు వేసుకోవాలి.

*

చిన్న గోలీ కొత్తది. మొదటినుంచీ ఉన్నది పెద్ద గోలీ, సుద్దముక్కంత ఉంటుంది, గొంతులో అడ్డంపడుతుంది. శివరాత్రికి ముందు దవాఖానాకు పోయినప్పుడు డాక్టరు చీటీ చూసి, "తగ్గుతలేదు" అని చిన్నది కలిపాడు. పొద్దున తిండికి ముందు అని రాశాడు. ఆ రోజుల్లో నాగక్క ఇంటి పట్టునే ఉండేది, గోలీ మింగి చుట్ట కాల్చినంత సేపటికి గోపాలుతో పాటు జావ తాగేది. ఇప్పుడు ఆకు రోజులు. కోడి కూసినప్పుడు గోలీ, ఒంటిగంటకు తిండి. తిండికి ముందే గదా, చీటీలో ఉన్నది ఉన్నట్టు చేస్తున్నందుకు ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

బుధవారం రెండు మింగి బయల్దేరింది.

వాగు దాటేదాకా బాగానే ఉంది. గుట్ట వారన పొదలు దట్టంగా ఉన్నచోట ముత్తక్కతో మాట్లాడుతూ కోస్తోంది. పోయినేడు ఈ పొదలు ఇంత చిక్కగా లేవనో, మీ అన్న కలలోకొచ్చాడనో వదిన ఏదో చెబుతోంది. ఆ మాట దూరం నుంచి వస్తున్నట్టయింది. నాగక్క ఊఁ కొట్టబోతే నాలుక తిరగలేదు. చేతిలో ఆకులు జారిపోయాయి. వాటిని ఏరుకుందామని వంగి, ఏం ఏరుతున్నదీ మరిచిపోయింది. మోకాళ్ళు మడత పడ్డాయి.

తరవాత తెలిసింది నేల చల్లదనం, చెంప కింద ఎండుటాకులు. ముత్తక్క ఆమె తలను ఒళ్ళోకి లాక్కుని దవడలు నొక్కి పట్టుకుంది. నోట్లో ఏదో పెట్టింది. "నములు. నాగా, నములే." నాగక్క నమిలింది. మొదట ఏ రుచీ లేదు. తరవాత వచ్చింది, మట్టి వాసనతో, కొంచెం పొగ వాసనతో, గొంతులోకి దిగే పాతకాలపు తీపి. ఎండిన ఇప్పపువ్వు. రెండేళ్ళయింది అది నాలుక మీద పడి. వద్దని తల తిప్పబోయింది, ముత్తక్క తిప్పనివ్వలేదు. ఇంకో నాలుగు కుక్కింది.

కళ్ళలోకి వెలుగొచ్చింది. చెట్లు తమ తమ చోట్లకు వచ్చి నిలబడ్డాయి. లేచి కూర్చుని ఒళ్ళు దులుపుకుంటూ నాగక్క మొదట అన్నమాట: "వదినా, మా దుర్గకు చెప్పకు."

"చచ్చేటిదానివి."

"తీపి తిన్ననని తెలిస్తే అది నన్ను ఆకుకు పోనియ్యదు. రేపు దవాఖాన రోజు. డాక్టరు సారుకు చెప్తది."

ముత్తక్క కొంగుముడి మళ్ళీ బిగించుకుంది. ఆమె దగ్గర ఎప్పుడూ ఓ గుప్పెడు ఉంటుంది, ఆమెకు ఏ మిషనూ ఏ సంఖ్యా చూపించలేదు గనక. "చెప్పనులే" అంది చివరికి. కాని ఆ పూట మూట మాత్రం తనే ఎత్తుకుంది, రెండు మూటలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని.

ఆ సాయంత్రం దుర్గ ఇంటింటికీ తిరిగి తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "రేపు జల్దీ తయారుగావాలె అవ్వా, ఎనిమిదింటికి ఆటో" అంది. తరవాత ఇంకా ఏదో అనాలని తల్లి పక్కన కూర్చుంది. "ఊర్ల పదకొండుమంది షుగరోళ్ళున్నరు. పదిమందికి తగ్గింది. నీకే తగ్గలె. మీ అవ్వకే తగ్గియ్యలేనిదానివి మాకేం చెప్తవని అంటున్నరు." కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.  నోట్లో ఇప్పపువ్వు వాసన ఇంకా ఉందేమోనని నాగక్క మొహం పక్కకు తిప్పుకుంది.

*

గురువారం దవాఖానాలో షుగరోళ్ళ రోజు. వరండాలో బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. నాగక్క ఆ పొద్దున అన్నం తిని వచ్చింది, చిన్న గోలీ వేసుకోలేదు. ముందురోజు రెండు వేసుకుంది గదా, సరిపోతుందని లెక్కగట్టింది. టెక్నీషియన్ శ్రీను ఆమె వేలు పట్టుకుని, ఆకు జిగురుకు నల్లబడి గట్టిపడ్డ ఆ కొసను రెండుసార్లు గుచ్చితే గాని రక్తం రాలేదు. మూడు వందల ఇరవై.

డాక్టరు రవికుమార్‌కు ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. ముదిగొండ వైపు తండావాడు. పొద్దున్నుంచి అరవైమందిని చూశాడు, ఇంకా బయట అంతమంది ఉన్నారు. చెడ్డవాడు కాదు. మనిషిని చూసే తీరిక లేక చీటీని చూస్తాడు, అంతే.

"ఎట్లున్నవ్ పెద్దమ్మా?" అన్నాడు చీటీతో.

"మంచిగనే ఉన్నది సార్" అంది దుర్గ, తల్లి వెనక నిలబడి. "గోలీలు టైంకు ఏస్కుంటది. తీపి ముట్టదు. నేనే చూస్కుంట సార్."

ఎప్పుడూ ఇంతే. ఇంట్లో మాట్లాడుకునేది కోయలో. దవాఖానా తెలుగు నాగక్క నోట నెమ్మదిగా వస్తుంది, అది వచ్చేలోపల దుర్గ జవాబు చెప్పేస్తుంది. డాక్టరుకూ అదే సుఖం. రెండేళ్ళలో నాగక్క ఈ గదిలో మాట్లాడిన మాటలు లెక్కపెడితే ఒక కట్టకు సరిపోవు.

"మరి మూడు వందల ఇరవై ఎందుకున్నది?"

దుర్గ తల దించుకుంది.

"ఇగ గోలీలతోని కాదు" అన్నాడు డాక్టరు పెన్ను తీస్తూ. "ఇన్సులిన్ మొదలుపెడదాం. పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి. సూది ఏసుకున్నంక అర్ధగంటల తినాలె, తప్పొద్దు. నువ్వు ఏస్తవ్ గదా దుర్గా?"

"ఏస్త సార్. ఆకుకు పోవద్దని జెర మీరన్న చెప్పండి సార్. నా మాట వింటలేదు."

"అవ్ పెద్దమ్మా. ఇగ అడవి బంద్."

ఇంత తేలిగ్గా అనేశాడు. నాగక్కకు సూదంటే భయం లేదు. ముల్లు దిగని వేలు ఆమెకు ఒక్కటీ లేదు. కాని అడవి బంద్ అన్నమాట వినగానే కళ్ళ ముందు పందిరి గుంజ మెదిలింది, దాని మొదట్లో అవ్వ వీపు రాసుకుని నున్నబడ్డ చోటు. ఇక ఏ ఏడూ ఎవరూ అక్కడ కూర్చుని ఎన్నయినయ్ అని అడగరు. పెన్ను చీటీ మీద వాలింది. నాగక్క చెయ్యి చాచి అరచెయ్యి చీటీ మీద బోర్లించింది. నల్లటి పెద్ద చెయ్యి, చీటీ మొత్తం కప్పేసింది.

"అవ్వా" అంది దుర్గ గాబరాగా.

"నన్నడుగు సారూ" అంది నాగక్క.

డాక్టరు ఆ చేతిని చూశాడు. తరవాత మొదటిసారి మొహం చూశాడు. "ఏమడగాలె?"

"ఏమన్న అడుగు. ఒళ్ళు నాది గదా."

బయట ఎవరో దగ్గారు. రవికుమార్ పెన్ను మూత పెట్టాడు. చిరాకుతో పెట్టాడో ఓపికతో పెట్టాడో అతనికే తెలియాలి. "సరే. పొద్దుగాల లేచి ఏం జేస్తవో చెప్పు."

నాగక్క చెప్పింది. మాట దొరకనిచోట ఆగింది, దుర్గ అందించబోతే చెయ్యెత్తి ఆపింది. కోడి కూత, గోలీ, వాగు, గుట్ట, ఇంటికి రావడం, నలభై ఏళ్ళుగా నడుస్తున్న అవ్వ రూలు, యాభై కట్టలు, ఒంటిగంటకు తిండి. చెప్పుకుంటూ చెప్పుకుంటూ మంగళవారం వణుకు దాకా వచ్చింది. ఎలాగూ అడవి పోతోంది, ఇక దాచేదేముందనుకుంది. "షుగరెక్కిందని నిన్న చిన్నయి రెండు మింగిన సారూ. గుట్ట కాడ పడ్డ."

"పడ్డవా?" డాక్టరు కుర్చీ ముందుకు జరిగింది. "పడ్డంక ఏం జేసినవ్?"

నాగక్క కూతురి వైపు చూడలేదు. "తప్పు జేసిన. మా వదిన నోట్ల ఇప్పపువ్వు పెట్టింది. నాలుగైదు. ఒద్దనాలె, అనలేకపోయిన. మింగిన."

"మింగినంక ఎంతసేపటికి లేచినవ్?"

"మూడు నాలుగు కట్టలు కట్టినంత సేపు."

"అంటే?"

"పది నిమిషాలు సార్" అంది దుర్గ. ఆమె గొంతు మారిపోయింది. బొమ్మల పుస్తకంలో ఆ బొమ్మ ఏ పేజీలో ఉందో ఆమెకు తెలుసు.

డాక్టరు పెన్ను పక్కకు నెట్టాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు, "తప్పు గాదు పెద్దమ్మా. గా ఇప్పపువ్వు పెట్టకుంటే నువ్వు ఇయ్యాల ఈడికి రాకపోదువు. నీకు షుగర్ ఎక్కలె, పడిపోయింది. చిన్న గోలీ పని అదే, నువ్వు తిన్నవా తినలేదా అని చూడది. కిందికి దొబ్బుతనే ఉంటది. నువ్వేమో తినకుండ గుట్టలెక్కుతున్నవ్, మీదికెళ్ళి ఇంకోటి మింగినవ్."

"తిండికి ముందే ఏస్కొమ్మంటివి గదా."

"అన్న. ముందంటే అర్ధగంట ముందని. ఏడు గంటల ముందని కాదు." ఆగి, ఆమె చెయ్యి కిందినుంచి చీటీ లాగి, వెనక్కి తిప్పి తను శివరాత్రికి ముందు రాసింది చూసుకున్నాడు. "నువ్వు ఎప్పుడు తింటవో అడగకుండనే రాసిన. అది నా తప్పు."

డాక్టర్లు తప్పు ఒప్పుకోవడం నాగక్క ఎక్కడా వినలేదు. చెయ్యి బల్ల మీదినుంచి ఒళ్ళోకి తీసుకుంది.

"ఒకటి చెప్పు" అన్నాడతను. ఇప్పుడు నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది. "నలభై ఏండ్ల నుంచి పగటిదాక తినకుండ ఆకు కోస్తున్ననంటవ్. మీ అవ్వ గూడ అంతేనంటవ్. ఖాళీ కడుపుతోని గంత పని ఎట్ల జేసినరు? ఎన్నడు కళ్ళు తిరగలేదా?"

"లేదు సారూ. యాభై కట్టలయ్యేదాక తినేటోళ్ళం కాదు. ఊకె బుగ్గన ఇప్పపువ్వు..."

అక్కడ ఆగిపోయింది. తన మాట తనకే వినబడింది. అవ్వ కుడి బుగ్గ ఉబ్బి కనబడింది. పక్కన ముత్తక్క బుగ్గ, తన బుగ్గ. పొద్దున అడవిలోకి అడుగు పెట్టేముందు ఒకటి, అది కరిగితే ఇంకొకటి, వాగు దగ్గర ఒకటి, కట్టలకు కూర్చున్నాక ఒకటి. నమలకూడదు, ఊరనివ్వాలి. అది తిండి కాదు. తిండని ఎవరూ అనుకోలేదు. అవ్వ వాళ్ళెవరినీ ఎన్నడూ పస్తుంచలేదు. రూలు రెండు ముక్కలయితే, నాగక్క ఒక ముక్కను భద్రంగా దాచుకుంది, రెండో ముక్కను ఇంట్లో మేకలు తిన్నాయి.

"ఇప్పపువ్వు బుగ్గన పెట్టుకునేటోళ్ళం" అంది మెల్లగా. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆమెకు. దుర్గ మాత్రం గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేకలకు పోసిన సార్ నేను" అంది.

"నువ్వు పోసింది మంచికే" అన్నాడు డాక్టరు. "అది ఒట్టి చక్కెర. పొద్దంత బుగ్గన పెట్టుకుంటే మీ అవ్వకు ఇప్పుడు పడదు. కాని చిన్న గోలీ కలిపినంక ఎప్పుడు తింటదో చూస్కోవాలె. నేను చూడలె, నువ్వు చూడలె." బయట మనుషులు గొణుగుతుంటే, శ్రీనును పిలిచి ఐదు నిమిషాలు ఆగమన్నాడు. సొరుగులోంచి రెండు గోలీ అట్టలు తీసి బల్ల మీద పెట్టాడు, పెద్దది ఒక పక్క, చిన్నది ఒక పక్క. "ఇగ చెప్పు పెద్దమ్మా. ఈ పెద్దది ఒక్కటే ఏస్కుంటే వణుకు దాదాపు రాదు, కాని షుగర్ కొంచెం మీదనే ఉంటది. చిన్నది ఏస్కుంటే తగ్గుతది, కాని గడియారం చూసి తినాలె. ఇంకో రకం ఉన్నది, అది నువ్వు తిన్నప్పుడే పని జేస్తది. ఈడ స్టోరుల లేదు, రాసి తెప్పియ్యాలె. సూది గూడ ఉన్నది, అది మంచిదే, కాని ఆగి చూద్దాం. ఏదైతే నీతోని అయితది?"

నాగక్క రెండు అట్టలనూ చాలాసేపు చూసింది. ఏదైతే నీతో అవుతుందని ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు.

"ఆకు ఇంక పన్నెండు దినాలున్నది" అంది. "గీ పన్నెండు దినాలు పెద్దది ఒక్కటి ఏస్కుంట. చిన్నది ముట్ట. ఆకు అయిపోయినంక నువ్వు చెప్పిన కొత్తది చూద్దాం. అడవికి పోవచ్చునా?"

"పోవచ్చు. కాని జావ తాగి పోవాలె. పెద్ద గోలీ జావ తోనే. ఇప్పపువ్వు కొంగున ఉంచుకో, వణుకొస్తేనే నోట్ల ఏస్కో."

జావ. నాగక్క గట్టిగా గాలి పీల్చుకుంది. సూదికి లేని భయం దీనికి వచ్చింది. "యాభై కట్టలు కాకుండనే తినాల్నా?"

రవికుమార్‌కు ఆ ప్రశ్న వెనక ఏముందో తెలియదు. అయినా ఒక క్షణం ఆమె మొహం చూశాడు. "మీ అవ్వ మీకు ఖాళీ కడుపు నేర్పలె గదా పెద్దమ్మా" అన్నాడు. తరవాత దుర్గ వైపు తిరిగి, "రేపు కట్టలు కట్టేటప్పుడు పక్కన కూసోని వేలు గుచ్చి చూడు. నాకు ఫోన్ జెయ్యి" అన్నాడు.

తిరుగు ఆటోలో తల్లీకూతుళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. దారిలో ఒకచోట ఇప్పచెట్లు వచ్చాయి. పూలు రాలే కాలం దాటిపోయింది, చెట్ల కింద ఏమీ లేదు. అయినా ఇద్దరూ అటే చూశారు.

*

శుక్రవారం నాగక్క లేచేసరికే గోపాలు పొయ్యి దగ్గర జావ కాస్తున్నాడు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన పొయ్యి ముట్టించడం అది నాలుగోసారో అయిదోసారో. జావలో ఉండలు కట్టాయి. ఆమె గిన్నె చేత్తో పట్టుకుని గుంజ వైపు తిరిగి ఒక్క క్షణం నిలబడి, ఏమనుకుందో, తరవాత ఉండలతో సహా తాగేసింది. పెద్ద గోలీ మింగింది.

అడవిలో చెయ్యి బరువెక్కలేదు. వాగు దగ్గర ఒకసారి కావాలని కొమ్మ పట్టుకుని నిలబడి చూసింది. ఆకు ఉన్నచోటే ఉంది. "ఏం జూస్తున్నవే" అంది ముత్తక్క. "ఏం లేదొదినా" అంది నాగక్క. ఈసారి నిజంగానే ఏం లేదు.

పదిన్నరకు పందిరి కింద మూట దింపేసరికి దుర్గ కూర్చుని ఉంది. యూనిఫాం చీరలోనే ఉంది, సంచి పక్కన పెట్టుకుంది. తల్లి వేలు తీసుకుని, గుచ్చి, మిషను చూసి ఊపిరి వదిలింది. "నూటా డెబ్భై" అంది. డాక్టరుకు ఫోన్ చేసి అదే చెప్పింది. తరవాత సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పింది. ముత్తక్క ఇంట్లో అడిగి తెచ్చిన ఇప్పపువ్వు, గుప్పెడు. తల్లి కొంగు లాగి దాన్ని ముడివేసింది. రెండేళ్ళ కిందట కుండ దించిన చేతులే.

"వణుకొస్తేనే" అంది.

"వణుకొస్తేనే" అంది నాగక్క.

కట్టలకు కూర్చుంది. దుర్గ లేచి పోతుందనుకుంది. పోలేదు. ఉద్యోగం వచ్చిన తరవాత ఆ పిల్ల ఆకు ముట్టలేదు. ఇప్పుడు ఒక గుప్పెడు తీసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, నార వదులుగా చుట్టింది. కట్ట వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

నాగక్క కొంగుముడి కొంచెం సడలించి ఒక పువ్వు తీసింది. దుర్గ కంగారుగా చూసింది. "నాకు గాదు" అంది నాగక్క. "నీకు షుగరు లేదు గదా. నోరు తెరువు." చిన్నపిల్లకు పెట్టినట్టు కూతురి నోట్లో పెట్టింది. "నమలకు. బుగ్గన పెట్టు. ఊరనియ్యి."

దుర్గ పువ్వును కుడి బుగ్గలోకి నెట్టుకుంది. బుగ్గ ఉబ్బింది. తలవంచి ఆకులు పేర్చుకుంటోంది, వీపు గుంజకు ఆనింది, ఆ నున్నటి చోటుకే. ఎండ పందిరి సందుల్లోంచి ఆమె చెంప మీద పడుతోంది. నాగక్క చూడకూడదనుకుంటూనే చూసింది. ఇద్దరి ముందూ కట్టలు పేరుకుంటూ పోయాయి.

"ఎన్నయినయ్ అవ్వా?" అడిగింది దుర్గ. పువ్వు అడ్డం వల్ల మాట ఎడమ వైపునుంచి వచ్చింది, ముద్దముద్దగా.

నాగక్క చేతిలో నార ఆగిపోయింది. ఆ గొంతు విని ముప్పై ఏళ్ళవుతోంది.  తన ముందున్న కట్టలు ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టింది, అబద్ధం చెప్పకూడదని.

"ఇరవై ఆరు" అంది.

"ఇంకా ఇరవై నాలుగు" అంది దుర్గ, ఇంకో గుప్పెడు ఆకులు దగ్గరికి లాక్కుంటూ.